రెండు గ్లాసుల పద్ధతిపై ఎఫ్‌ఐఆర్ కట్టడం లేదు, ఏ కోర్టుకు వెళ్లాలి?

మా ఊరి టీకొట్టులో మా ఎస్సీ పేటవాళ్లకు పేపర్ కప్పులు, మిగతావాళ్లకు గాజు గ్లాసులు. ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక నాన్నతో వెళ్లి గ్లాసులో ఇమ్మన్నాను. కొట్టతను బోర్లించిన గ్లాసుల మీద తువ్వాలు కప్పేసి "మీకు కప్పులోనే" అన్నాడు. నాన్నకు 68 ఏళ్లు. చొక్కాకు గుచ్చుకున్న చిన్న జెండా ఇంకా అలాగే ఉంది.

పెద్దమనుషులు సర్దుకుపొమ్మన్నారు. 18న స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. రసీదు లేదు, ఎఫ్‌ఐఆర్ లేదు. 25న అదే ఫిర్యాదు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాం, అందినట్టు ట్రాకింగ్‌లో ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులు తీసుకునే 14566 హెల్ప్‌లైన్‌కూ చెప్పాను. నెల దాటినా కదలిక లేదు. 40 సెకన్ల ఫోన్ వీడియో, ఇద్దరు సాక్షులు ఉన్నారు.

రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచే అంటరానితనాన్ని రద్దు చేసింది. గ్లాసు ముట్టుకోనివ్వని చోట స్వాతంత్ర్యం అంటే ఏంటని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. మాకు రాజీ వద్దు, కేసే కావాలి.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు చెప్పండి: 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టించడానికి ఇప్పుడు స్థానిక మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయాలా, జిల్లాలోని ప్రత్యేక కోర్టుకే నేరుగా వెళ్లాలా?