జంతువుల పాఠంతో ఇంగ్లీష్ రీడింగ్, డిబేట్ – ఎనిమిదో తరగతికి ఎలా చేయిస్తున్నారు?

లంక_టీచర్:
నమస్తే అండి అందరికీ. కోనసీమలో గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. ఎనిమిదో తరగతికి జంతువుల మీద ఒక పాసేజ్ చదివించి, జూలు ఉండాలా వద్దా అని డిబేట్ పెట్టాను. బాగా చదివే నలుగురూ ఇంట్లో ఎవరో రాసిచ్చింది బట్టీ పట్టుకొచ్చి అప్పజెప్పేశారు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు, అయిపోయింది. ఒకడు జూ ఈజ్ గుడ్ అంటాడు, ఇంకొకడు జూ ఈజ్ బ్యాడ్ అంటాడు, ఎందుకురా అంటే ఇద్దరూ నా మొహం చూస్తారు. కారణాలన్నీ పాసేజ్‌లోనే ఉన్నాయండి, ముందు పీరియడ్లోనే చదివారు కూడా! పైకి చదవమంటే గడగడా చదివేస్తారు గానీ బుర్రలోకి ఏమీ దిగట్లేదు. ఈ రెండూ ఒకదానికొకటి అతుక్కునేలా ఎవరైనా చేయిస్తున్నారా? ప్రొజెక్టర్ ఉంది, కరెంటు మాత్రం నమ్మలేం.

మడఅడవి_మాస్టారు:
మేడమ్ గారూ, మీ క్లాసులో జూ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మనకి పెద్ద జూ అంటే విశాఖ వెళ్లాల్సిందే. చూడని దాని మీద వాదించమంటే బట్టీయే వస్తుందండి, వాళ్ల తప్పేం లేదు.

మాది తాళ్లరేవు వైపు. నేను బావురు పిల్లితో చేయిస్తా, అదే ఫిషింగ్ క్యాట్. కోరింగ మడ అడవుల్లో ఉంటుంది, చెరువుల కాపలాకి వెళ్లేవాళ్ల పిల్లలకి దాని కబుర్లు నాకంటే ఎక్కువ తెలుసు. పాసేజ్ నేనే రాసుకున్నా, ఒక పేజీ కూడా ఉండదు, చిన్న చిన్న వాక్యాలు. కోరింగని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు, ఈ పిల్లి ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, నీళ్లలోకి దిగి చేపలు పడుతుంది, మడ చెట్లు కొట్టేస్తే దానికి చోటు లేదు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది కాబట్టి చంపితే జైలు. మధ్యలో రైతు వైపు కూడా రెండు మూడు లైన్లు పెట్టా, చెరువు లీజు, మేత ఖర్చు, అప్పు, ఇలాంటివి. అవి లేకపోతే అందరూ పిల్లి పార్టీయే అయిపోతారు, ఇంక డిబేట్ ఏముంటుంది.

టాపిక్: బావురు పిల్లి చేపలు తింటే గవర్నమెంటు రైతుకి డబ్బు కట్టాలా వద్దా. రూల్ ఒక్కటే. నోరు తెరిచే ముందు లైన్ నంబరు చెప్పాలి. లైన్ సెవెన్ సేస్ అని ఆ లైను చదవాలి, తర్వాత సో ఐ థింక్ అని తన మాట చెప్పాలి. లైన్ లేకపోతే కూర్చోవాలి. అవతలివాళ్లు కూడా ముందు ఆ లైన్ చూసుకునే అడ్డు చెప్పాలి. దీంతో మాట్లాడనివాళ్లు కూడా వేలు పెట్టి పేపర్ వెతుకుతూనే ఉంటారు, నాక్కావాల్సింది అదే కదా. మొన్న ఒకడు మా చెరువు మీద మధ్యాహ్నం పూట చూశాను సార్, తెల్ల పిల్లి, చేప నోట్లో పెట్టుకుని ఎగిరిపోయింది అని కోతలు మొదలెట్టాడు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి లేచి, లైన్ ఫోర్ సేస్ ఎట్ నైట్, యు సా ఎ కొంగ, అంది. క్లాసంతా గోల గోల.

భీమవరం_గురూజీ:
మాస్టారు చెప్పింది బావుంది. మా వైపు అయితే కోడిపందేలు పెడితే పీరియడ్ చాలదండి, పండగ నెలలో అసలే చాలదు. అక్కడ చదివించడానికి సరుకు కూడా ఎక్కువ. 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువుల్ని పోట్లాటకి దింపడం నేరం. వెంటనే ఎవడో ఒకడు, మరి జల్లికట్టుకి సుప్రీంకోర్టు 2023లో ఒప్పుకుంది కదా సార్ అంటాడు, గడుసు ప్రశ్నే. దానికి జవాబు పాసేజ్‌లో పెట్టుకోవాలి, తమిళనాడు వాళ్లు చట్టం సవరించుకుని రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకున్నారు, కోర్టు చూసింది ఆ సవరణని, మన దగ్గర కోడిపందేలకి అలాంటి సవరణ లేదు. ఈ తేడా చదివి పట్టుకున్న పిల్లాడికి రీడింగ్ వచ్చినట్టే. కాకపోతే సగంమంది ఇళ్లల్లో పుంజులుంటాయి, మీ నాన్న ఏం చేస్తాడు అనే మాట క్లాసులోకి రానివ్వకండి, సాయంత్రానికి గేటు దగ్గర పంచాయితీ అవుతుంది 😀

పాత_పంతులు:
ఆయ్, అన్నీ బానే ఉన్నాయి గానీ లైన్ లేకపోతే కూర్చోవాలి అనే రూలు నాకు నచ్చలేదండి. బెరుకు పిల్లలు అసలు లేవరు. ముందు అయిదు నిమిషాలు జంటలుగా తెలుగులోనే కొట్టుకోనివ్వండి, ఏ వైపు ఏం చెప్పాలో తేలాక ఇంగ్లీష్‌లోకి రమ్మనండి. ఆలోచన లేకుండా ఇంగ్లీష్ ఎక్కడినుంచి వస్తుంది? లేవలేనివాళ్లకి చీటీలివ్వండి, లైన్ నంబరు, ఒక కారణం రాసి తమ టీమ్‌కి అందిస్తారు, చదివేది ఇంకొకరు. సగం పీరియడ్ అవ్వగానే వైపులు మార్చేయండి, బట్టీ బ్యాచ్ అక్కడే దొరికిపోతుంది.

మడఅడవి_మాస్టారు:
చీటీలు బావుంది పంతులుగారూ, పెడతా. తెలుగు అయిదు నిమిషాలంటే మా వాళ్లు పీరియడ్ అంతా అక్కడే ఉండిపోతారు, అదే భయం.

లంక_టీచర్:
థాంక్స్ అండి అందరికీ. మా వాళ్లకి చెరువుల కంటే గోదారి దగ్గర, వేటకెళ్లే ఇళ్ల పిల్లలు ఎక్కువ. పులస మీద పెడితే? కొన్నేళ్లు పులస పట్టడం ఆపాలా వద్దా అని.

భీమవరం_గురూజీ:
పెట్టండి మేడమ్, అదిరిపోద్ది. ఒకటి చూసుకోండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉందిగా ఇంకెందుకు అంటారు పిల్లలు. ఆ నిషేధం సముద్రంలో మోటారు బోట్లకి. పులస గుడ్లు పెట్టడానికి ఎదురీదేది వరదనీరు ఎర్రగా దిగాక, జూలై ఆగస్టుల్లో. ఈ తేదీలు రెండూ పాసేజ్‌లో దూరం దూరంగా పెట్టండి, కలిపి చదివినవాడికే పాయింట్ దొరుకుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి కూడా ఒక లైన్ వేయండి, చేప పైకి వెళ్లే దారికి అడ్డం అదే కదా, తప్పంతా వలదేనా అని వేటగాళ్ల పిల్లలు పట్టుకుంటారు.

లంక_టీచర్:
ఇది బావుంది, ఆదివారం కూర్చుని రాస్తా. మాస్టారూ, మీ పిల్లి పాసేజ్ ఫొటో ఒకటి పెట్టరా, సైజు చూసుకుంటా.

మడఅడవి_మాస్టారు:
స్కూల్లో ఉందండి, రేపు సాయంత్రం పెడతా. లైన్ నంబర్లు మాత్రం మీరే వేసుకోండి, జిరాక్స్‌లో ఎడమ పక్క కట్ అయిపోయాయి.