18–25 ఏళ్ల వారిలో కొవ్వు శాతం: కాలిపర్‌ను నమ్మాలా, యంత్రాన్ని నమ్మాలా?

వ్యాయామవిద్య విద్యార్థి:
మా కళాశాలలో 18–25 ఏళ్ల విద్యార్థుల శరీరంలో కొవ్వు శాతాన్ని అంచనా వేసే ప్రాజెక్టు చేస్తున్నాను. ఒకే అబ్బాయికి, ఒకే ఉదయం, చర్మపు మడతలను కాలిపర్‌తో (మడతను పట్టి దాని మందాన్ని చూపే పటకారు లాంటి సాధనం) కొలిచి లెక్కగడితే 15 శాతం వచ్చింది; పాదాలు ఆనించి నిలబడే బయోఇంపిడెన్స్ యంత్రం 20 శాతం చూపింది. ఒక పద్ధతిలో ఎక్కువ వచ్చినవారికి రెండోదానిలోనూ ఎక్కువే వస్తోంది, సహసంబంధం బాగుంది కాబట్టి ఏదో ఒకటి వాడితే చాలునని మా గైడు గారు అంటున్నారు. ఈ వాదన నిలుస్తుందా?

జిమ్ శిక్షకుడు:
నా ఓటు యంత్రానికే. కాలిపర్ పట్టే మనిషి మారితే అంకె మారుతుంది. కొత్తవారు కొవ్వుతో పాటు కండనూ కలిపి పట్టేస్తారు. యంత్రం మీద ఎవరు నిలబెట్టినా ఒకటే. పైగా తరగతి మొత్తాన్ని కొలవాలంటే సమయం కూడా చూసుకోవాలి కదా.

పోషకాహార పరిశోధకురాలు:
మనిషి మారితే అంకె మారుతుందన్నది నిజమే. కానీ యంత్రం కొవ్వును కొలవడం లేదు. ఒంట్లోకి స్వల్పమైన విద్యుత్తును పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని చూసి నీటి పరిమాణాన్ని అంచనా వేస్తుంది. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే ఉంటుందన్న ఊహతో ఆ భాగం బరువును లెక్కగట్టి, మొత్తం బరువులోంచి దాన్ని తీసివేయగా మిగిలినదానికి కొవ్వు అని పేరు పెడుతుంది. నీళ్లు సరిగా తాగని కుర్రాడికి నిరోధం పెరిగి, లేని కొవ్వు ఉన్నట్లు చూపవచ్చు. పాదాల యంత్రంలోనైతే విద్యుత్తు ప్రధానంగా కాళ్ల గుండానే సాగుతుంది కనుక, పొట్ట సంగతి చాలావరకు సూత్రం చెప్పే ఊహే.

కాలిపర్‌దీ ఊహల గొలుసే. డర్నిన్, వామర్స్‌లీ అనే పరిశోధకులు 1974లో ఇచ్చిన సూత్రాలు దండ ముందు భాగం, వెనుక భాగం, భుజపుటెముక కింద, తుంటి ఎముక పైన కొలిచిన నాలుగు మడతల మొత్తం నుంచి శరీర సాంద్రతను చెబుతాయి. ఆ సాంద్రతతో 495ను భాగించి 450 తీసివేస్తే సిరి అనే శాస్త్రవేత్త సూత్రం ప్రకారం కొవ్వు శాతం వస్తుంది. సాంద్రత 1.06 అయితే సుమారు 17 శాతం, 1.05 అయితే 21.4 శాతం. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె కదిలితే నాలుగు శాతానికి పైగా తేడా! పైగా డర్నిన్, వామర్స్‌లీ సూత్రాలు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కొలిచినవారి నుంచి పుట్టినవి. మన విద్యార్థుల ఎముకల బరువు, కొవ్వు పేరుకునే చోట్లు అలాగే ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు?

ఇక గైడు గారి వాదన. ఒక యంత్రం ప్రతి ఒక్కరికీ సరిగ్గా ఐదు శాతం కలిపి చూపుతోందనుకుందాం. సహసంబంధం అప్పుడు కూడా సంపూర్ణంగానే ఉంటుంది, అయినా ఒక్కరి అంకె కూడా సరైనది కాదు. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక నిపుణులు లాన్సెట్ వైద్య పత్రికలో చెప్పింది ఇదే: రెండు కొలతల తేడాను వాటి సగటుకు ఎదురుగా గ్రాఫుపై గుర్తించి, ఆ తేడాలు ఎంత మేర పరుచుకున్నాయో చూడాలి. ప్రాజెక్టులో ఆ పటం తప్పక వేయండి.

జిమ్ శిక్షకుడు:
అయితే అందరినీ డెక్సా స్కానుకు పంపమంటారా? అది కాకపోతే ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ ఒక్కటి చాలదా?

పోషకాహార పరిశోధకురాలు:
బీఎంఐ అసలే చాలదు. పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో తమ సొంత ఒళ్లనే ఉదాహరణగా చూపారు: ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం. డెక్సా వీటన్నిటికంటే మెరుగే. రెండు స్థాయుల ఎక్స్‌రేలతో ఎముక ఖనిజాన్ని, కొవ్వును, మిగతా మెత్తని కణజాలాన్ని విడదీస్తుంది, రేడియేషన్ కూడా చాలా తక్కువ. అయినా వేర్వేరు కంపెనీల యంత్రాల అంకెలు కలవవు. నిజమైన గీటురాయి కావాలంటే సాంద్రత, శరీరంలోని నీరు, ఎముక ఖనిజం మూడింటినీ విడివిడిగా కొలిచి, ఒంటిని కొవ్వు, నీరు, ఖనిజం, మాంసకృత్తులుగా విడదీసే నాలుగు భాగాల నమూనా కావాలి. కళాశాల ప్రాజెక్టుకు అది అందదు.

కాబట్టి నా సలహా ఇది. కాలిపర్‌నే వాడండి, కొలిచేది ఒక్కరే కావాలి, అన్నీ కుడి వైపునే కొలవాలి, వచ్చిన మిల్లీమీటర్ల మొత్తాన్నే ప్రధాన ఫలితంగా ఇవ్వండి. శాతం కావాలంటే సూత్రం పేరుతో సహా పక్కన రాయండి.

వ్యాయామవిద్య విద్యార్థి:
జాక్సన్, పోలాక్ అనే పరిశోధకుల మూడు మడతల పద్ధతిలో తొడ మడత కొలవాలి. అమ్మాయిల విషయంలో అది ఇబ్బందిగా ఉంది. డర్నిన్ పద్ధతిలో తొడ లేదు కదా, అందరికీ అదే వాడవచ్చా?

జిమ్ శిక్షకుడు:
వాడకూడదంటాను. అమ్మాయిలకు కొవ్వు ఎక్కువగా చేరేదే తుంటి, తొడల దగ్గర. అక్కడ కొలవకుండా శాతం చెప్పడమేమిటి?

పోషకాహార పరిశోధకురాలు:
అభ్యంతరం సబబే. అయితే డర్నిన్ సూత్రాల్లో స్త్రీలకు, ప్రతి వయోవర్గానికి స్థిరాంకాలు వేరుగా ఉన్నాయి, ఆ తేడాను కొంతవరకు అవి సర్దుతాయి. తొడ కొలవడానికి శిక్షణ పొందిన మహిళా సహాయకురాలు, తలుపు వేసుకోగల గది ఉంటే జాక్సన్ పద్ధతి పెట్టుకోండి. లేకుంటే డర్నిన్‌దే పెట్టుకుని, అబ్బాయిల శాతాలను అమ్మాయిల శాతాలతో పోల్చే అధ్యాయాన్ని మానుకోండి.