కొలొస్సయులకు 3:22లో ‘కంటికి కనబడవలెనని కాక’

భీమవరం నుంచి:
అందరికీ వందనాలండి. "మనుష్యులను సంతోషపెట్టువారైనట్టు కంటికి కనబడవలెనని కాక" అన్న మాట మీద ఉద్యోగస్తుల కూడికలో వాక్యం చెప్పారు. ఓనరు చూసినా చూడకపోయినా ఒకేలా పనిచెయ్యమన్నారు. అంతేనా, ఇంకేమైనా ఉందా? నేను రొయ్యలు కొనే కంపెనీ తరఫున చెరువు గట్ల మీద తిరుగుతానండి.

అమలాపురం నుంచి:
అంతే అయితే సీసీ కెమెరా చాలు, ఈ పత్రిక రాసిన పౌలు అక్కర్లేదు. ‘మనుష్యులను సంతోషపెట్టువారు’ అన్నది వదిలేశారు. పని ఎగ్గొట్టేవాడే కాదు, పైవాళ్ల మెప్పు కోసం దేనికైనా తలూపేవాడూ అందులోకే వస్తాడు. ఎఫెసీయులకు 6:6లోనూ ఈ రెండూ జంటగానే ఉన్నాయి. మీ పనే చూడండి. వల విసిరి శాంపిల్ తీస్తారు, కేజీకి 30 తూగితే 30 కౌంటు. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని రేటు పడిపోద్ది. చిన్నవి నాలుగు ఏరి వేస్తే 30 కాస్తా 33 అవుద్ది. కంపెనీకి మీరు బంగారంలాంటి మనిషి, రైతు మునిగాడు. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11:1.

భీమవరం నుంచి:
సరిగ్గా అక్కడే గుచ్చారండి. "కాస్త అటూ ఇటూ చూడవయ్యా" అనే మావాళ్లూ అంటారు. మరి ఆ 3:22లోనే ‘అన్ని విషయములలో విధేయులై’ అని కూడా ఉంది కదా?

పాలకొల్లు నుంచి:
‘ప్రభువునకు భయపడుచు’ కూడా ఉంది బాబూ. పైగా అది దాసులకి రాసిన మాట. వాళ్లకి పని మానుకునే హక్కే లేదు, మీకుంది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. అలాగని రేపే మానెయ్యమనను, ఇంట్లో పిల్లల ఫీజులుంటాయి. శాంపిల్ రైతు చేతే తీయించండి, ఆయన ముందే లెక్కపెట్టండి, వచ్చింది వచ్చినట్టు పుస్తకంలో ఎక్కించండి. దానియేలు 6:4 చూడండి, పగబట్టినవాళ్లు ఎంత వెదికినా ఆయన ఉద్యోగంలో తప్పు దొరకలేదు.

రాజోలు నుంచి:
అన్నయ్యగారూ, అందరూ మూడో అధ్యాయంతో పుస్తకం మూసేస్తున్నారు. అధ్యాయాలు పౌలు పెట్టినవి కాదు, 13వ శతాబ్దంలో వచ్చాయి. మాట ఆగకుండా 4:1లోకి వెళ్తుంది: ‘యజమానులారా, పరలోకములో మీకును యజమానుడున్నాడని యెరిగి...’ మా వీధి ఆడవాళ్లు తెల్లారకుండానే ఆటో ఎక్కి షెడ్డుకి రొయ్యల తలలు తియ్యడానికి పోతారు. ఐసు నీళ్లలో నాని వేళ్లు పాచిపోతాయి. అక్కడ గోడ మీద ‘మనస్ఫూర్తిగా చేయుడి’ అని క్యాలెండరు. డబ్బులడిగితే వచ్చే వారం రమ్మంటారు. కూలి బిగపట్టేవాళ్ల గురించి యాకోబు 5:4లో ఉంది, అది క్యాలెండరు మీద ఎవరూ వెయ్యరేంటండీ?

భీమవరం నుంచి:
4:1 మా మేనేజరుగారికి ఎలా చూపించాలా అని చూస్తున్నానండి. ఆయన మా సంఘంలో పెద్ద. ఆ కూడిక పెట్టించింది ఆయనే.