ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిన తుపాకీ: ల్యాబ్‌లో ఆ సంగతి తేలుతుందా?

మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. అడవి పందుల బాధకి మా నాన్నగారు లైసెన్సు మీద ఉంచుకున్న పాత 12 బోర్ ఒంటి గొట్టం తుపాకీ ఒకటి ఉంది. పశువులపాకలో గోడకి ఆనించి పెడితే జారి పడి పేలింది. నాలుగు పెంకులు ఎగిరాయి, ఎవరికీ ఏం కాలేదు. (తూటా తీయకుండా పెట్టడం ఆయన తప్పే, ఇంటిల్లిపాదీ తిట్టాం.) కావాలనే కాల్చారని పక్కింటివాళ్ల ఫిర్యాదు. పోలీసులు తుపాకీ, ఖాళీ తూటా సీజ్ చేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారు.

దాని హ్యామర్ (తూటాని పేల్చే పిన్నుని కొట్టే సుత్తి లాంటి భాగం) బయటికే ఉంటుంది. వేలితో కొంచెం వెనక్కి లాగితే సగంలో టక్కున ఆగాలి. ఇది ఆగదు, మెత్తగా జారిపోతుంది. లోపల దాన్ని ఆపే గాడి అరిగిపోయిందనీ, అందుకే కింద పడగానే పేలిందనీ నా అనుమానం.

ట్రిగ్గర్‌కి బరువులు వేలాడదీసి ఎంతకి హ్యామర్ పడుతుందో చూస్తారనీ, తూటా అడుగున పిన్ను చేసిన గుంటని పోల్చి చూస్తారనీ చదివాను. కానీ కింద పడితే పేలుతుందా అన్న పరీక్ష వాళ్లంతట వాళ్లే చేస్తారా, లేక దర్యాప్తు అధికారి పంపే ప్రశ్నల్లో అది ఉండాలా? ‘పనిచేసే స్థితిలో ఉంది’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. కోర్టు ద్వారా మేం అడిగించుకోవచ్చా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.