షాడో ప్రైస్ సందేహం: ఎకరం పెరిగితే లాభం 6,000 మాత్రమే ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న (డిగ్రీ గణిత విద్యార్థి, హనుమకొండ):
ఆపరేషన్స్ రీసెర్చ్ తరగతిలో మాకు ఇచ్చిన లెక్క ఇది. పరకాల దగ్గర ఒక రైతుకు 10 ఎకరాల భూమి, సీజనుకు 250 కూలీ పనిదినాలు ఉన్నాయి. ఎకరం పత్తికి 40 పనిదినాలు పట్టి 30,000 రూపాయలు, ఎకరం మక్కజొన్నకు 15 పనిదినాలు పట్టి 15,000 రూపాయలు మిగులుతాయి. సింప్లెక్స్ పద్ధతిలో (పరిమిత వనరులతో గరిష్ఠ లాభం కనుక్కునే అంచెలవారీ లెక్క) పత్తి 4 ఎకరాలు, మక్క 6 ఎకరాలు, లాభం 2,10,000 అని వచ్చింది. అయితే భూమి షాడో ప్రైస్, అంటే ఒక ఎకరం అదనంగా దొరికితే పెరిగే లాభం, 6,000గా తేలింది. కొత్త ఎకరంలో మక్క వేసినా 15,000 రావాలి కదా?

జవాబు (అధ్యాపకుడు, వరంగల్):
మీ లెక్క సరిగ్గానే ఉంది. కొత్త ఎకరంలో మక్కకు 15 పనిదినాలు కావాలి, కానీ ఉన్న 250 దినాలూ ఇప్పటికే వాడుకలో ఉన్నాయి కనుక వాటిని పత్తి నుంచే తీయాలి. ఒక ఎకరం పత్తిని మక్కగా మారిస్తే 25 దినాలు మిగులుతాయి. అంటే 15 దినాల కోసం 0.6 ఎకరం మారాలి. మక్క 1.6 ఎకరాలు పెరిగి 24,000 వస్తుంది, పత్తి తగ్గి 18,000 పోతుంది, నికరంగా 6,000 మిగులుతుంది. ఇదే తీరున పనిదినం షాడో ప్రైస్ 600. ఈ ధరలతో 10 ఎకరాలకు, 250 దినాలకు విలువ కట్టి చూడండి, మళ్లీ 2,10,000 వస్తుంది. ద్వంద్వ సమస్య (అదే లెక్కను వనరుల ధరల వైపు నుంచి చూసే రూపం) చెప్పేది ఇదే.

జవాబు (వ్యవసాయ కుటుంబం, జమ్మికుంట):
ఎకరం కౌలు 6,000 దాటితే అదనపు భూమి తీసుకోవడం దండగని దీని అర్థం. 30,000, 15,000 అన్నవి కూలి ఖర్చు పోగా మిగిలినవైతే, పత్తి ఏరే రోజుల్లో మామూలు కూలి మీద మరో 600 వరకు ఇచ్చినా నష్టం లేదు. అయితే కూలీలు పెరగకుండా భూమి ఒక్కటే 16.67 ఎకరాలు దాటితే, మొత్తం మక్కే వేసినా కూలీలు చాలరు కాబట్టి భూమి షాడో ప్రైస్ సున్నా అవుతుంది. ఈ హద్దులను పరీక్షలో అడగరని వదిలేయడం సరికాదు.

జవాబు (పూర్వ విద్యార్థి, కరీంనగర్):
సోవియట్ గణిత శాస్త్రవేత్త కాంతరోవిచ్ 1939లో ప్లైవుడ్ యంత్రాలకు పని పంచే సమస్యను షాడో ప్రైస్ లాంటి గుణకాలతోనే సాధించారు. వనరుల కేటాయింపు సిద్ధాంతానికి 1975లో ఆర్థికవేత్త కూప్‌మన్స్‌తో కలిసి అర్థశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. అందుకే షాడో ప్రైస్‌ను పట్టికలో మిగిలిపోయిన అంకెగా కాక, కోర్సుకు కేంద్రంగా చూడాలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
భూమిని 11 ఎకరాలు చేసి మళ్లీ సాధించాను. పత్తి 3.4, మక్క 7.6 ఎకరాలు, లాభం 2,16,000 వచ్చింది. అందరికీ ధన్యవాదాలు.