‘సైబర్‌పంక్’లో ‘పంక్’ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. సైన్స్ ఫిక్షన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘సైబర్‌పంక్’ దగ్గర బండి ఆగిపోయింది. ఒకరు ‘అంతర్జాల అల్లరిమూక’ అని సలహా ఇచ్చారు. అది చదివితే వినాయక చవితి చందాలకు వచ్చే కుర్రాళ్లు కళ్ల ముందు కనబడ్డారు. మా అబ్బాయినడిగితే “అది గేమ్ పేరమ్మా, దానికి అనువాదమేంటి?” అని నవ్వాడు. ఇంతకీ ఇది కథల్లో ఒక రకమా, మనుషుల్లో ఒక రకమా? సరిపోయే తెలుగు మాట ఉందా?

జవాబు

అమ్మా, రెండూనండి. పుట్టింది మాత్రం ఒక కథ పేరుగా. అమెరికా రచయిత బ్రూస్ బెత్కీ 1980లో కంప్యూటర్లతో ఆడుకునే, ఇంట్లో మాట వినని కుర్రాళ్ల మీద ఒక కథ రాశాడు. అచ్చయింది 1983లో. టెక్నాలజీ మాటలు కొన్ని, దారితప్పిన కుర్రాళ్లను పిలిచే మాటలు కొన్ని తీసుకుని, చెవికి బాగా తగిలేదాకా జతలు కలిపి చూశానని ఆయనే చెప్పుకున్నాడు. 1984లో విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’ వచ్చింది. ఆ ఏడాది చివర గార్డ్‌నర్ డోజ్వా అనే సంపాదకుడు వాషింగ్టన్ పోస్ట్‌లో రాస్తూ ఈ తరహా కొత్త రచయితలకు ఆ పేరు తగిలించాడు. అంతే, అతుక్కుపోయింది. కంప్యూటర్ల నవల అంటున్నామా, గిబ్సన్ దాన్ని కొట్టింది మామూలు టైప్‌రైటర్ మీద!

అంతకుముందు సైన్స్ ఫిక్షన్ అంటే ఎక్కువగా అంతరిక్ష నౌకలు, తెల్లకోటు శాస్త్రవేత్తలు. గిబ్సన్ కథానాయకుడు కేస్ డేటా దొంగ. పనిచ్చినవాళ్ల దగ్గరే చేతివాటం చూపించాడు. వాళ్లు అతన్ని చంపలేదు. మళ్లీ నెట్‌వర్క్‌లోకి దిగలేకుండా నరాలు పాడుచేసి వదిలేశారు. వైద్యం కోసం జపాన్‌లోని చిబాకి వచ్చి, చేతిలో డబ్బు అయిపోయి, అక్కడి సందుల్లో చిల్లర దందాలు చేసుకుంటూ బతుకుతుంటాడు. ఆ లోకంలో ప్రభుత్వం పెద్దగా కనబడదు, కంపెనీలదే రాజ్యం. కంప్యూటర్ ఒంట్లోకి, నరాల్లోకి వచ్చేసింది. మనిషి మాత్రం ఉన్న సందులోనే ఉన్నాడు. నన్నడిగితే ఈ ధోరణి సారం ఇదే. నియాన్ లైట్లు, వాన, నల్లకళ్లద్దాలు అన్నీ పైమెరుగులు.

ఇక మాట సంగతి. మన అనువాదాలన్నీ ‘సైబర్’ దగ్గరే చెమటోడుస్తాయి. అసలు బరువంతా ‘పంక్’లో ఉంది. షేక్‌స్పియర్ నాటి ఇంగ్లీషులో అది వేశ్యను అనే మాట. తర్వాత చిల్లర రౌడీని, పనికిరాని కుర్రాణ్ణి తిట్టే మాటయింది. 1970లలో న్యూయార్క్, లండన్ కుర్రాళ్లు గిటార్ మీద మూడే మూడు కార్డ్‌లు వాయిస్తూ పాటలు పాడుతూ ఆ తిట్టునే తమ బ్యాండ్లకు బ్యాడ్జీలా పెట్టుకున్నారు. కాబట్టి ‘అల్లరిమూక’ చాలదు. అది ఎదుటివాళ్లు అనే మాట. “అవును, నేను అదే” అని ఎవడూ తనంతట తాను చెప్పుకోడు. నా ఓటు ‘పోరంబోకు’కి.

‘సైబర్’ తాత గ్రీకు ‘కుబెర్నెటిస్’. అంటే ఓడ చుక్కాని పట్టేవాడు. మన గోదావరి లాంచీల మీద సరంగు అన్నమాట. అదే మాట లాటిన్ మీదుగా తిరిగి ఇంగ్లీషులో గవర్నర్ అయింది. మనకూ ‘కర్ణధారుడు’ అంటే చుక్కాని పట్టేవాడే, ఇప్పుడు సభల్లో నాయకుల్ని పొగడటానికి వాడుతున్నాం. నార్బర్ట్ వీనర్ 1948లో యంత్రాల, ప్రాణుల నియంత్రణ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టింది ఆ గ్రీకు మాటతోనే. అంటే సైబర్‌పంక్‌లో సగం సరంగు, సగం ఏ సరంగు మాటా వినని పోరంబోకు. ఆ గొడవంతా ఒక్క మాటలో ఇరికింది.

ఇంకొకరు

బాగుందండీ. చిన్న చేర్పు. మన దగ్గర 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చాయి, ఆ చుట్టుపక్కలంతా సైబరాబాద్ అయింది. వాళ్లు సైబర్ పక్కన పంక్ పెట్టుకుంటే మనం ఆబాద్ పెట్టుకున్నాం. అందుకే తెలుగువాడికి సైబర్ అంటే అద్దాల మేడ, ఐడీ కార్డు, లేకపోతే ఓటీపీ మోసం. సందులో కుర్రాడు గుర్తురాడు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే కుర్రాణ్ణి చూడండి, మైక్రోస్కోప్ కింద చచ్చిన ఫోన్ బోర్డు పెట్టి, వేడిగాలి కొట్టి, ఆవగింజంత చిప్ ఊడదీసి ఇంకో చచ్చిన ఫోన్లోంచి తీసింది అతికిస్తాడు. పక్కనే సగం తాగిన చాయ్. నాకు సైబర్‌పంక్ అంటే వాడే.

మరొకరు

పోరంబోకు తిట్టు కదండీ, పత్రికలో ఎలా వేస్తారు? ‘సైబర్ తిరుగుబాటు సాహిత్యం’ అంటే సరిపోదూ?

జవాబు

తిట్టు కాబట్టే అంటున్నాను. తిరుగుబాటు అంటే జెండా, మేనిఫెస్టో కావాలి. కేస్‌కి అవేవీ లేవు, అద్దె కట్టుకోవడమే గగనం. అయినా ఆ పేరు చూసి భయపడ్డవాళ్లు నిజంగానే ఉన్నారు. 1990 మార్చిలో అమెరికా సీక్రెట్ సర్వీస్ ఆస్టిన్‌లోని స్టీవ్ జాక్సన్ గేమ్స్ మీద దాడి చేసి, సైబర్‌పంక్ పేరుతో అచ్చుకు సిద్ధమవుతున్న ఆట పుస్తకాన్ని కంప్యూటర్లతో సహా పట్టుకుపోయింది. పాచికలతో ఆడే ఆట అది! ఏజెంట్ల కంటికి కంప్యూటర్ నేరాల గైడులా కనబడింది. 1993లో కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది.

అన్నట్టు, ‘సైఫర్‌పంక్’ అని కనబడితే అచ్చుతప్పనుకుని దిద్దకండి. అది 1992లో ఈ మాట మీదే సరదాగా కట్టిన ఇంకో మాట. రహస్య లిపులతో, అంటే ఎన్‌క్రిప్షన్‌తో, వ్యక్తిగత గోప్యతను కాపాడుకుందామన్న ప్రోగ్రామర్ల బృందం.

రిటైర్డ్ రెవెన్యూ మనిషిని, ఒక్క మాట

పోరంబోకుని మీరంతా పనికిమాలిన అనే అర్థంలో వాడేస్తున్నారు. తమిళం ‘పుఱంబోక్కు’ నుంచి వచ్చింది. పుఱం అంటే బయట. శిస్తు లెక్కకు బయట ఉన్న భూమి. మా అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకంలో, చెరువు, వాగు, బండిదారి, శ్మశానం అన్నీ పోరంబోకే. ఊరంతా వాడుకుంటుంది, ఎవరి పేరా పట్టా ఉండదు. పనికిరానిది కాదు, పద్దుకెక్కనిది. మనుషులకు తిట్టుగా ఎప్పుడు మారిందో గానీ, నా సర్వీసులో ఆ భూమి మీద కన్నేయని పెద్దమనిషిని చూడలేదు.

మొదట అడిగినావిడ

బాబాయిగారూ, చాలా థ్యాంక్సండీ. ఈ కోణం నాకు తట్టనే లేదు. శీర్షికలో సైబర్‌పంక్ అనే ఉంచేస్తున్నాను. మొదటి పేరాలో ‘లెక్కకెక్కని పోరంబోకు’ అని రాశాను. ఎడిటర్ గారు పోరంబోకు కింద ఎర్రగీత గీసి పంపారు. మీ అడంగల్ ముక్క కాపీ చేసి ఆయనకి పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.