పాత కారు ఎత్తు తగ్గించడం: తక్కువ ఖర్చులో ఎంతవరకు వెళ్లవచ్చు? (చర్చ)

మూడోగేరు:
నా దగ్గర 1980ల నాటి చిన్న సెడాన్ ఒకటి ఉంది. దానికి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లు (స్ప్రింగు, షాకబ్సార్బర్ ఒకే నిలువు కడ్డీగా ఉండేవి), వెనుక యాక్సిల్ (ఇరుసు) కింద కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉన్నాయి. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ మొదటి నుంచీ నా కంటికి నచ్చడం లేదు. కాయిలోవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాకబ్సార్బర్ జతల) సెట్టు కొనే స్తోమత నాకు లేదు. అసలు కారు విలువ కంటే ఆ సెట్టు విలువే ఎక్కువ. 30 మిల్లీమీటర్లు దిగితే చాలు. ముందు స్ప్రింగులు కోసి, వెనుక బ్లాకులు (దిమ్మలు) పెట్టాలన్న ఆలోచనలో ఉన్నాను. ఈ పని స్వయంగా చేసినవారు, ముఖ్యంగా చేసి చెడగొట్టుకున్నవారు, తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

నట్టుబోల్టు:
ఏదైనా కోసే ముందు కొలవండి. నేల నుంచి కొలిస్తే టైర్లలోని గాలి కూడా లెక్కలో కలిసిపోతుంది కాబట్టి, చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసిపెట్టుకోండి. నేను అలా కొలిచినప్పుడు ఎడమ ముందు మూల కుడివైపు కంటే 11 మి.మీ. కిందికి ఉన్నట్టు తేలింది. విప్పి చూస్తే స్ప్రింగు అడుగు చుట్టు కొస తుప్పు పట్టి విరిగి, అది కూర్చునే రబ్బరు సీటులో ఇరుక్కుని కనిపించింది. అంత పాత బండిలో ఉన్న స్ప్రింగును కోయాలా, ముందు మార్చాలా అన్నది ఆ కొలతలే చెబుతాయి.

కమాన్‌కట్ట:
స్ప్రింగు కోయడాన్ని చాలామంది తప్పుపనిగా చూస్తారు గానీ, లెక్క తెలిసి చేస్తే అది అంత మూర్ఖపు పని కాదన్నది నా అభిప్రాయం. బండి బరువు మీద ఉన్నప్పుడు ఒక చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య, తీగ మందంతో కలిపి, ఎంత దూరం ఉంటుందో కొలవండి. ఒక చుట్టు తీసేస్తే స్ప్రింగు అంతే ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే మిగిలిన చుట్లమీద బరువు మారదు, అవి కుంగేదీ మారదు. ఆ దూరం 35 మి.మీ. అనుకుంటే, ముప్పావు చుట్టు కోస్తే దాదాపు 26 మి.మీ. దిగుతుంది. స్ట్రట్ బండ్లలో ఈ కొలత ఇంచుమించు చక్రం దగ్గర కూడా అంతే ఉంటుంది. విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే V ఆకారపు ఆర్మ్) ఉన్న బండ్లలో స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గితే చక్రం దగ్గర రెండు వరకు తగ్గవచ్చు. ఆ తేడా తెలియక నేలకు అంటించుకున్నవారిని చూశాను.

ఇక గట్టిదనం సంగతి. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలిన అయిదు 20 శాతం గట్టిపడతాయి. ముప్పావు తీస్తే 14 శాతం. దిగిన బండికి ఆ గట్టిదనం అవసరమే, ఎందుకంటే కిందికి కదలడానికి మిగిలిన చోటు తగ్గిపోయింది. సన్నని డిస్కు బిగించిన గ్రైండర్‌తో, తీగ వేడెక్కకుండా ఆగి ఆగి కోయాలి. కొస చిన్న చుట్టుగా ముడుచుకున్న స్ప్రింగును ఆ వైపు కోయకూడదు, కోస్తే సీటులో కూర్చోదు. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీసే పద్ధతి జోలికి అసలు పోవద్దు. ఉక్కుకు పట్టిన పదును ఆ వేడికి పోతుంది, రెండు వైపులా ఒకేలా కుంగదు, ఆ తరువాత ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. స్ట్రట్ పైనట్టు విప్పే ముందు స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా పట్టించడం మరిచిపోవద్దు.

తుప్పుబండి:
కమాన్‌కట్ట గారి లెక్కతో ఏకీభవిస్తాను. అయితే నా బండిని చెడగొట్టినది ఎత్తు లెక్క కాదు, వేలాడినప్పటి లెక్క. ఒకటిన్నర చుట్టు కోసి బిగించాను, నిలబెట్టినప్పుడు చూడముచ్చటగా ఉంది. తరువాత ఒక ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దాటుతుండగా ముందు చక్రం వేలాడి, స్ట్రట్ పూర్తిగా సాగి, స్ప్రింగు సీటును వదిలేసింది. మళ్లీ బరువు పడినప్పుడు చుట్టు కొస రబ్బరు పక్కకు జారి, సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. ఇంటికి వచ్చి జాకీ మీద లేపి చూస్తే, స్ప్రింగు బొంగరంలా చేతితో తిప్పితే తిరుగుతోంది. స్ట్రట్ మొత్తం సాగిన స్థితిలో కూడా స్ప్రింగు బిగువుగా ఉండాలి. అలా లేకపోతే పొట్టి స్ట్రోక్ (సాగే దూరం) ఉన్న డ్యాంపర్ (షాకబ్సార్బర్) పెట్టాలి, లేదా తక్కువ కోయాలి. పాత స్ట్రట్‌లలో లోపలి కార్ట్రిడ్జ్ (డ్యాంపర్ గొట్టం) విడిగా మార్చుకునే వీలుంటుంది. పొట్టిది పెట్టేవారు అడుగున సరైన కొలత గల స్పేసర్ వేసి, పైన మూతలా బిగించే గ్లాండ్ నట్టు దాన్ని కదలకుండా పట్టేలా చూడాలి.

టార్షన్‌బార్:
మీ బండికి ఇది వర్తించదు గానీ, టార్షన్ బార్ (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్నవారికి ఈ పని పైసా ఖర్చు లేనిది. వోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనుక బార్‌కు లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను తిప్పితే 9 డిగ్రీలు, బయట ఒకటి వెనక్కి తిప్పితే 8 డిగ్రీల చిల్లర. ఆ రెంటి తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి ఎత్తును సన్నగా సరిచేసుకోవచ్చు. గట్టిదనం మాత్రం మారదు, కాబట్టి మరీ దించితే బంప్ స్టాప్‌ల (కదలిక చివర తగిలే రబ్బరు దిమ్మల) మీదే ప్రయాణం.

మూడోగేరు:
బంప్ స్టాప్‌ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కదలిక పెరుగుతుందని కొందరు వాటిని పూర్తిగా తీసేస్తారట. అది సరైనదేనా?

నట్టుబోల్టు:
కాదు. అవి లేకపోతే డ్యాంపర్ లోపలి పిస్టన్ నేరుగా అడుగు వాల్వును గుద్దుతుంది, లేదా టైరు మడ్‌గార్డ్ లోపలి అంచును కోసుకుంటుంది. దించిన మేరకు పొట్టిగా కోసి, మొనదేలిన భాగం ముందుగా తగిలేలా ఉంచండి.

కమాన్‌కట్ట:
వెనుక సంగతి చెబుతాను. మీ బండిలో కమాన్ కట్ట యాక్సిల్ కింద ఉంది కాబట్టి ఆ రెంటి మధ్య బ్లాకు పెడితే బండి దిగుతుంది. కట్ట యాక్సిల్ పైన ఉన్న బండిలో అదే బ్లాకు ఎత్తును పెంచుతుంది. బ్లాకు లోహపుదై ఉండాలి, మధ్య బోల్టు తల కూర్చునే రంధ్రం, ఎదురు వైపు పిన్ను ఉండాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. పొడవైన కొత్త యూ-బోల్టులు వేసి, వందా రెండు వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించండి. కట్టలోంచి ఒక పట్టీ తీసేయడం ఇంకా చవక, కానీ వెనుక సీటు నిండితే బండి కూలబడుతుంది.

తుప్పుబండి:
మరో మాట. వెనుక బ్రేకులకు బరువును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు కొన్ని కార్లలో ఉంటుంది, దాని కడ్డీ యాక్సిల్‌కు తగిలించి ఉంటుంది. బాడీ దిగగానే అది బండి నిండుగా ఉందనుకుని వెనుకకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందుగా పట్టుకుపోతే కారు అడ్డం తిరుగుతుంది. అందువల్ల కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయనిదే రోడ్డెక్కవద్దు.

నట్టుబోల్టు:
ఆర్మ్‌ల కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగించవద్దు. బిగిస్తే ఆ స్థితిలోనే రబ్బరు పట్టుకుపోయి, బండి దించగానే మెలిపడి కొన్ని నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద ఉండగా చివరి బిగువు వేయండి. తరువాత టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూపించుకోండి. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ను (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణాన్ని) తిడతారు గానీ, చాలాసార్లు నేరం టోదే. కింది ఆర్మ్ చక్రం వైపు పైకి ఏటవాలుగా కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగండి. అంతకు దించితే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కంటే ఎక్కువగా దిగి, స్ప్రింగు గట్టిపడినా మలుపుల్లో బండి ఇంకా ఒరుగుతుంది.

మూడోగేరు:
పని పూర్తయింది. ముందు ముప్పావు చుట్టు కోస్తే 27 మి.మీ. దిగింది, వెనుక 25 మి.మీ. బ్లాకు పెట్టాను. నా బండిలో ఆ బ్రేకు వాల్వు లేదు. మిగిల్చిన డబ్బంతా నాలుగు డ్యాంపర్లకూ ముందు ఆర్మ్ బుష్‌లకూ పోయింది. ఎత్తు కంటే వాటివల్లే బండి మారిందని అనిపిస్తోంది. వేలాడదీసినప్పుడు స్ప్రింగులు తిరగడం లేదు, ఆర్మ్‌లు ఇంచుమించు సమాంతరంగా ఉన్నాయి. యాక్సిల్ మీదుగా వెళ్లే ఎగ్జాస్ట్ పైపు గురించి ఎవరూ చెప్పలేదు గానీ, అనుమానం వచ్చి యాక్సిల్ మీద ఒక మట్టిముద్ద పెట్టి, వెనుక ముగ్గురిని కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పాను. మట్టి అణిగి 6 మి.మీ. మందాన మిగిలింది. పైపు హ్యాంగర్‌ను కాస్త పైకి మార్చి రేపు మళ్లీ చూస్తాను.